ఆరని పసుపు లైటు

"ఏం చేశావ్ దాన్ని?"

పొద్దున్నే నా కంప్యూటర్ ఆన్ కావడం లేదని చెబితే, మా ఆయన షూ లేసులు కట్టుకుంటూ తలెత్తకుండా అన్న మాట అది. నేనేమీ చెయ్యలేదన్నాను. "నిన్న తుడిచావుగా, తడిగుడ్డ పెట్టుంటావ్. సాయంత్రం చూస్తాలే" అని ఆఫీసుకి వెళ్లిపోయాడు. హాల్లోంచి అత్తయ్య, "పాపం, వాడొక్కడూ ఎన్నని చూస్తాడు!" అంది.

తడిగుడ్డ పెట్టానా? పెట్టలేదనే గుర్తు. కానీ ఈ ఇంట్లో నా గుర్తు ఎప్పుడు నెగ్గింది కనక! పదకొండేళ్లుగా పాలు పొంగినా, కుళాయి కారినా, ఆయన కళ్లజోడు కనపడకపోయినా ముందొచ్చే ప్రశ్న అదే, ఏం చేశావ్? విని విని నాకూ అదే అలవాటైంది. ఏదైనా చెడిపోతే ఎలా చెడిందని చూడను, నేనేం చేశానా అని వెతుక్కుంటాను.

డాక్టర్ల రికార్డింగులు విని టైప్ చేసే పని నాది. రెండు వారాల ట్రయల్లో ఇవాళే ఆఖరి రోజు. ఒంటిగంట లోపు ఫైలు పంపితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఇంట్లోవాళ్ల లెక్కలో ఇది నేను ఖాళీగా కూచోలేక పెట్టుకున్న పని. ఆ ఖాళీ ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్లిందో నాకింతవరకూ తెలీదు.

రిపేరు షాపుకి ఫోన్ చేశాను.

"సార్ లేరా మేడమ్?"

"లేరు. నాకు చెప్పండి."

"పక్క మూత తీయండి. మదర్‌బోర్డు అంచున నాలుగు బుల్లి లైట్లుంటాయి. ఆన్ చెయ్యగానే ఒక్కోటీ వెలిగి ఆరిపోవాలి. ఏది ఆరకపోతే గొడవ అక్కడే."

పసుపుది ఆరలేదు.

"అయితే ర్యామే మేడమ్, అదే, మెమరీ ముక్క. ప్లగ్గు పీకేసి, ఆ ముక్కని తీసి మళ్లీ నొక్కండి, టక్‌మనాలి. అయినా మీకెందుకులెండి, సార్ వచ్చాక చేయించండి."

తీసి నొక్కాను. టక్‌మంది. పసుపు లైటు ఆరలేదు. పక్క స్లాటులో పెట్టి చూశాను, అయినా ఆరలేదు. మూడోసారి చేతిలోకి తీసుకున్నప్పుడు చూశాను, దాని మీద తేదీ లేదు.

నాకు తేదీలు రాసే పిచ్చి ఉంది. డబ్బా మూతల మీద, మందు సీసాల మీద, ఆఖరికి చీపురు మీద కూడా కొన్న తేదీ రాస్తాను. "నా వీపు మీద పెళ్లి తేదీ కూడా రాసెయ్" అని ఆయన నలుగురిలో నవ్విస్తుంటాడు. ఈ ర్యామ్ ఇంతకుముందు చేసిన టైపింగ్ డబ్బుతో నేనే కొన్నాను. స్టిక్కర్ మీద నల్ల మార్కర్‌తో తేదీ రాశాను. రాశానా? రాసే ఉంటాను. నిన్న తుడిస్తే పోయిందా? అంటే తడిగుడ్డ పెట్టిన మాట నిజమేనా? వేలితో రుద్దాను, గోరుతో గీకాను. అక్కడ ఎవరూ ఎప్పుడూ ఏదీ రాసినట్టే లేదు. నాకు మతిపోతోందేమోనని నిజంగా భయమేసింది.

నిన్న ఆదివారం. తన కంప్యూటర్ ఆన్ కావడం లేదని పగలంతా ఆయన చిందులు తొక్కాడు. సాయంత్రం నేను అంట్లు తోముతుంటే వచ్చి, "నాది బాగైపోయింది" అన్నాడు. షాపుకి వెళ్లింది లేదు, కొన్నది లేదు. మరెలా బాగైంది?

"నా దాని మీద చెయ్యి పడితే ఊరుకోను" అని ఆయన ఎప్పుడో చెప్పిన డబ్బా అది. ఆయన గదిలోకెళ్లి ఆ కంప్యూటర్ పక్క మూత తీశాను. లోపలి ర్యామ్ మీద నా అక్షరాలున్నాయి, నా తేదీ, నేను రాసే తోక పొడుగు తొమ్మిది.

కోపం రావాలి కదా, ముందు సిగ్గేసింది. పొద్దున్నుంచీ ఆయన్ని ఒక్క ముక్క అనుమానించకుండా నన్ను నేనే దొంగలా సోదా చేసుకున్నాను. చచ్చిన ముక్క నా దాంట్లో పెట్టి, తెల్లారి నన్నే ఎలా అడగగలిగాడు? తెలిసే అడిగాడా, అడగడం అలవాటై అడిగాడా? ఎటు తిప్పి చూసినా అర్థం కాలేదు. చెయ్యి చాచి ఆగిపోయాను. ఆయన్ని అడిగి తీసుకోవాలేమో! నాది తీసుకోవడానికా?

తీసుకున్నాను. ఆయనది ఆయన దాంట్లో పెట్టాను, రెండు పక్కలా టక్‌మనేలా. నా దాంట్లో లైట్లు ఒకటొకటే వెలిగి ఆరిపోయాయి, పసుపుది కూడా. ఒంటిగంటకి ఎనిమిది నిమిషాలుండగా ఫైలు వెళ్లింది. "అందింది. రేపటి నుంచి రెగ్యులర్‌గా చేయండి" అని జవాబొచ్చింది. రెండుసార్లు చదివాను. అత్తయ్య అన్నానికి పిలుస్తోంది, అంటే వడ్డించమని.

సాయంత్రం ఆయన వచ్చీ రాగానే తన గదిలోకి వెళ్లాడు. బటన్ నొక్కిన చప్పుడు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వినిపించింది. తర్వాత కేక.

"ఏయ్, ఏం చేశావ్ దీన్ని?"

ఎప్పట్లాగే నేనేమీ చెయ్యలేదనే మాట నోటిదాకా వచ్చేసింది. ఆపుకున్నాను. ఇవాళ చేశాను కదా.

"నాది నేను తీసుకున్నాను" అన్నాను.