భుజం మీద గుండీలు

నడుమ పలచబడ్డ దుప్పటిని నిలువునా చీల్చి, గట్టిగా ఉన్న అంచులు రెండింటినీ మధ్యకు తెచ్చి మిషన్ కింద పెట్టింది మిషనమ్మ. అలా తిప్పి కుడితే దుప్పటి ఇంకొన్నాళ్లు రోగుల కింద బతుకుతుంది. క్యాన్సర్ ఆసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే గదిని ఆనుకుని ఉన్న ఆమె గదికి కిటికీ లేదు. గోడ అవతల యంత్రాలు తిరిగినప్పుడల్లా ఆమె కూర్చున్న బల్ల సన్నగా వణికేది.

కళ్లజోడు కాడ ఒకటి విరిగితే దారం చుట్టుకుంది. ఎప్పుడో సూది దిగిన చూపుడువేలి గోరు రెండుగా చీలి, అలాగే పెరిగిపోయింది. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక్కడికి రాకముందు చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసింది. చేతులు ఒకరు కుట్టేవారు, జేబులు ఇంకొకరు. ఈమె పని కాలర్లు. వయసంతా కాలర్లలోనే గడిచిపోయింది. ఆ చొక్కాలు ఎవరి ఒంటి మీదికి వెళ్లాయో ఏనాడూ చూడలేదు. భర్త పోయాక తమ్ముడింట్లో చేరింది. మరదలు చెడ్డది కాదు. అన్నం పెట్టేది, పలకరించడం మరిచిపోయేది. ఎవరూ అడగనిదే నోరు విప్పే అలవాటు మిషనమ్మకూ లేదు.

దుప్పటి ముగించి, బట్టల అడుగున దాచిన గౌను బయటికి తీసింది. ఇంకొక్క గుండీ మిగిలింది.

కిందటి వారం ఆయా రాకపోతే బట్టల మూట తనే మోసుకుని వార్డుకు వెళ్లింది. అక్కడ మంచం మీద, బస్సు కండక్టరుగా చేస్తూ జబ్బుపడిన ఆవిడ కూర్చుని ఉంది. జుట్టు రాలిపోయి తల నున్నగా ఉంది. మందెక్కించడానికి రొమ్ము పైన, చర్మం కింద చిన్న బిళ్ల అమర్చారు. గౌనుకు ముడులేమో వెనకవైపు. సూది గుచ్చాలంటే గౌనును నడుము దాకా దించాల్సిందే. తెర సగమే మూసుకుంది. పక్క మంచం వాళ్ల చుట్టాలూ, చక్రాల కుర్చీ తోసే మనిషీ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆవిడ రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుని మిషనమ్మను చూసి నవ్వింది.

"చూశావా అక్కా! నా బస్సులో ఒక్కణ్నీ టికెట్టు లేకుండా ఎక్కనివ్వలేదు. ఇక్కడ అందరూ ఊరికే చూసిపోతున్నారు."

ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మిషనమ్మ తిన్నగా స్టోరు చూసే ఆయన దగ్గరికి వెళ్లింది. "గౌను భుజం దగ్గర తెరుచుకునేలా కుట్టనా సార్?"

"ఇచ్చిన నమూనా కుట్టమ్మా. లేనిపోని తలనొప్పులు నాకొద్దు."

ఆమె కిందికి వచ్చేసింది. పారేయడానికి పెట్టిన దుప్పటి ఒకటి తీసుకుని, అన్నం తినే వేళల్లో కుట్టడం మొదలుపెట్టింది. భుజం నుంచి రొమ్ము పైదాకా ఒక రెక్క పెట్టింది. గుండీలు విప్పితే బిళ్ల ఉన్న చోటు మాత్రమే కనబడుతుంది. మెడకు కాలరు కూడా వేసింది. అది అక్కర్లేదు. చేతులు ఊరుకోలేదు.

గుండీ కుట్టి, పంటితో దారం తెంపి, పైకి తీసుకెళ్లింది. కండక్టరమ్మ పెదాలు పగిలి ఉన్నాయి. వారంలోనే మనిషి సగమైంది.

"ఇదేంటక్కా, కాలరుంది!"

"అలవాటండీ."

"యూనిఫాంలా ఉంది. మళ్లీ డ్యూటీ ఎక్కిస్తావా ఏంటి నన్ను?"

కొత్త గౌను తొడిగాక నర్సు గుండీలు విప్పి, దూదితో తుడిచి, సూది పెట్టింది. ఎప్పుడూ గుండె మీదికి ఎగబాకే ఆ చేతులు ఈసారి ఒళ్లోనే ఉన్నాయి. కండక్టరమ్మ వాటివంక కొత్తగా చూసుకుంది.

"చేతులు ఖాళీగా ఉన్నాయక్కా" అంది మెల్లగా.

నర్సు రెక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఇదొక్కటే సిస్టర్."

"నేను మాట్లాడతా ఉండు."

మిషనమ్మ వెళ్లబోతుంటే కండక్టరమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "సాయంత్రం పని అయ్యాక రా అక్కా. కాసేపు కూర్చుందువుగాని."

"వస్తానండీ."

మధ్యాహ్నం దాటాక స్టోరాయన గొణుక్కుంటూ కిందికి దిగాడు. "ఆ సిస్టరు నా ప్రాణం తీసిందమ్మా. అలాంటివి కొన్ని కుట్టు, వార్డులో వాడి చూస్తారట. కాలర్లు మాత్రం వద్దు, గుడ్డ దండగ."

మిషనమ్మ తలూపింది. చాలా కాలానికి ఆమె దగ్గర ఎవరికైనా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. పని ముగించుకుని మెట్లెక్కుతూ, దాన్ని ఎలా మొదలుపెట్టాలా అని లోలోపల రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకుంది.

మంచం ఖాళీగా ఉంది. పరుపు మడిచేశారు. తుడిచిన రబ్బరు గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

పక్క మంచం ముసలావిడ లేచి కూర్చుంది. "ఉన్నట్టుండి వణుకు పట్టుకుందమ్మా. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. ఎంతసేపు? అంతలోనే అయిపోయింది. గౌను మార్చబోతే ఆవిడ చెల్లెలు ఒప్పుకోలేదు. నిండుగా ఉంది, అలాగే పంపండి అంది."

మిషనమ్మ మంచం అంచున చెయ్యి ఆనించి నిలబడింది.

"నీకేనటమ్మా అది" అని ముసలావిడ మంచం పక్క బల్ల చూపించింది. "క్యాంటీనతను వస్తే రెండు తెప్పించింది. తనది తాగింది. అక్కొస్తుంది, చల్లారినా సరే ఎవరూ ముట్టుకోకండి అంది."

బల్ల మీద, సాసరు బోర్లించిన గాజుగ్లాసులో, ముడత పడని తొరక కట్టి టీ ఉంది.