మెతుకు పట్టి చూసే లెక్క

కార్వేటినగరం దగ్గర మెట్టలో రాఘవమ్మకు రెండెకరాల చేను ఉంది. ఏటా వేరుశనగ వేసేది. మూడేళ్ల కిందట ఒక సంస్థ వాళ్లు వచ్చి, చెట్లు పెంచితే అవి పీల్చుకునే పొగకు పరదేశపు ఫ్యాక్టరీలు ఏటా డబ్బిస్తాయన్నారు. నూట నలభై మామిడి అంట్లు వాళ్లే ఇచ్చారు. కాగితం ముప్పై ఏళ్లకు రాయించుకున్నారు. అందాకా ఆ నేలలో వేరే పంట వేయకూడదు. మూడో ఏటి లెక్కలో నాలుగింట మూడు వంతులు బతికుంటేనే మొదటి డబ్బు.

కిందటేడు కొలతల మనిషి ధనంజయ చేను నడిమధ్య గూటం కొట్టి, తాడుతో చుట్టూ సున్నా గీసి, లోపల పడ్డ ఎనిమిది చెట్లనే కొలిచాడు. మిగతావి చూడవా అని రాఘవమ్మ అడిగింది.

"అన్నం ఉడికిందా లేదా అని కుండంతా పిసకతామా అక్కా? ఒక మెతుకు పట్టి సూస్తే సాలదా?"

ఆ మాట ఆమె మనసులో నిలిచిపోయింది.

ఈ ఏడు వాన లేదు. బోరు ఎండింది. భర్త మునివెంకటప్ప బావిలో పూడిక తీయబోయి జారిపడి, చేతికి పుత్తూరు కట్టుతో పంచలో కూర్చున్నాడు. ట్యాంకరు రోజు మార్చి రోజు ఇంటికి పది బిందెలు పోస్తుంది. ఆరు ఇంటికీ ఆవుకూ పోతే చెట్లకు నాలుగు.

"తలా చెంబు పోద్దాం మే," అన్నాడు మునివెంకటప్ప. "అన్నీ మనం నాటినవే గదా."

"తలా చెంబు పోస్తే అన్నీ సస్తాయి. మెతుకన్నా ఉడకనీ."

చెట్టుకు అర బిందె చొప్పున గూటం చుట్టూ ఉన్న ఎనిమిదింటికే పోసింది. మొదట్లో మిగతా చెట్ల పక్కగా బిందె మోసుకుపోతూ తల తిప్పుకునేది. అవి ఎండాక ఆ అవసరం లేకపోయింది. ఎనిమిదీ చిగురు వేశాయి.

వైశాఖం చివర్లో ధనంజయ వచ్చాడు. ఆమె అతన్ని గూటం దగ్గరికి తీసుకుపోయింది. అతను ఆ ఎనిమిదింటినీ, వాటి చుట్టూ నిలబడ్డ పుల్లలనూ చూసి, సంచీలోంచి కొత్త గూటం తీశాడు. ఈసారి చోటు ఆఫీసులో చీటీ వేసి తీశారని, అది తన చేతిలో లేదని చెప్పాడు.

"మెతుకు ఇది గదా సారూ."

"ఒకే మెతుకును రెండుసార్లు పట్టి సూడరక్కా."

కొత్త గూటం తూర్పు గట్టు వారన దిగింది. తాడు లోపల తొమ్మిది చెట్లు. ఒక్కోదాని బెరడు గోటితో గీకాడు. లోపల పచ్చ కనిపిస్తే బతికినట్టు రాస్తాడు. రెండింటికి కనిపించింది.

డబ్బు రాదు. అట్లయితే చెట్లు పీకేసి మళ్లీ చెనిక్కాయే వేసుకోవచ్చా అని ఆమె అడిగింది. కాగితం ముప్పై ఏళ్లదని, అయింది మూడేనని, చచ్చినవాటి చోట సొంత ఖర్చుతో అంట్లు కొని నాటాలని ధనంజయ చెప్పాడు. వచ్చే ఏడు గూటం ఎక్కడ పడుతుందని అడిగింది.

"నాకూ తెల్దక్కా," అన్నాడు. అది నిజమే.

సాయంత్రం ట్యాంకరు వచ్చింది. ఆరు బిందెలు ఇంట్లో పెట్టి, ఏడోది చంకన ఎత్తుకుని ఆమె చేనుకు పోయింది. పాత గూటం దగ్గర ఆగింది. తూర్పు గట్టు వైపు నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది. బిందె తొణికి చీర తడుస్తోంది.

వెనకాలే వచ్చిన మునివెంకటప్ప గట్టు మీద నిలబడ్డాడు.

"యాడ పోస్తావు మే?"

ఆమె బిందె దించలేదు.