తాళాల వీధిలో చెవి

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు రోజూ పొద్దున్నే తన సైకిల్‌ని తాళాల వీధి మొదట్లో ఉన్న చెవికి కట్టేసి, ఎదురుగా ఉన్న ఆఫీసు మెట్లెక్కేవాడు. సైకిల్ వెనక పనిముట్ల పెట్టె బిగించి ఉంటుంది. సైకిల్‌కీ పెట్టెకీ కలిపి ఒకటే గొలుసు, ఒకటే తాళం. రెండైతే ఎప్పుడూ ఏదో ఒకటి పారేస్తానని ఆయన భయం.

ముందు ఆ చెవి సంగతి చెప్పాలి. ఊళ్ళో సైకిళ్ళు పెరిగి ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటు లేకుండా పోయిందని మున్సిపాలిటీ వీధికో సైకిల్ స్టాండు పెట్టించింది. ఎలాగూ పెడుతున్నాం కదా, చూడ్డానికీ బాగుండాలని శిల్పాలు చేసే ఒకావిడకి ఆ పని అప్పగించారు. సెలూన్ల ముందు దువ్వెన, కళ్ళ డాక్టరు ముందు కళ్ళజోడు, తాళాల వీధికి తాళంచెవి అనుకున్నారు. ఆర్డరు టైపు చేసినవాడి పుణ్యమా అని 'తాళం' ఒక పేజీ అడుగున ఉండిపోయి, 'చెవి' తరవాతి పేజీ నెత్తికెక్కింది. ఆవిడకి అందింది రెండో పేజీ మాత్రమే. ఆవిడ ఏదీ రెండోసారి అడిగే రకం కాదు. తమ్మెతో సహా మనిషెత్తు ఇనుప చెవి చేసి తెచ్చి, వీధి మొదట్లో నిలబెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. ఊరంతా తమని చూసి నవ్వుతోందని తాళాలవాళ్ళు చాన్నాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు.

తరవాతెప్పుడో అక్కడ సైకిల్ కట్టిన ఒకామె తాళంచెవి పారేసుకుని, ఉక్రోషం ఆపుకోలేక, మొగుడికి చెప్పలేని మాటేదో ఆ చెవిలో చెప్పింది. తాళం దానంతటదే ఊడి చేతిలో పడింది. అప్పట్నించీ అదే పద్ధతి. అక్కడ కట్టిన తాళం దాని తాళంచెవికి లొంగుతుంది, లేదంటే ఇంతవరకూ ఎవరితోనూ అనని నిజానికి లొంగుతుంది. రంపాలకీ మారుచెవులకీ లొంగదు. ఎవరైనా చెవి దగ్గర వంగితే తాళాలవాళ్ళు ఆకురాయి పక్కన పెట్టి అటు తిరిగి కూర్చుంటారు. తమ బేరాలు పోతున్నాయని గొణుక్కున్నారే గానీ, ఇదేం వింత అని ఎవరూ అడగలేదు.

ఇన్‌స్పెక్టరుకి ఒక అక్క ఉంది. ఊరికి ఆ చివర, ఏడో అంతస్తులో కాపురం. మోకాళ్ళు అరిగిపోయినా సరే లిఫ్టెక్కనని మొండికేసి ఏళ్ళ తరబడి మెట్లే ఎక్కింది. కిందటేడు లిఫ్టు గోడకి తమ్ముడి సంతకమున్న కాగితం అంటించాకే అందులో కాలు పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ ఆ సంతకం చూపించి మురిసిపోయేది.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది.

"తమ్ముడూ, లిఫ్టు నాలుక్కీ అయిదుకీ మధ్య ఆగిపోయిందిరా. ఎదురింటి మాస్టారు కూడా ఉన్నారు, పాపం వణికిపోతున్నారు. మా తమ్ముడు చూసిన లిఫ్టండీ, ఏం కాదు అని చెబుతున్నా."

ఆవిడ మాటల వెనక, పైనెక్కడో 'టిక్' మని చిన్న చప్పుడు వినిపించింది. కాసేపాగి ఇంకొకటి. ఇనుప తాడులో పోగు తెగితే వచ్చే చప్పుడది.

"కదలకు అక్కా. గోడకి ఆనుకుని నిలబడు. మాస్టారిని తలుపు ముట్టుకోవద్దను. వస్తున్నా," అన్నాడు.

మెట్లు దిగుతూనే వాచ్‌మన్‌కి ఫోన్ చేసి కరెంటు తీసేయమన్నాడు. ఫైరింజన్ ఊరవతల మంటలార్పడానికి వెళ్ళిందట. లిఫ్టు కంపెనీ మనిషి వచ్చేసరికి గంట పైనే పడుతుందట. పెద్ద రోడ్డు మీద పరుగు పందెం, బస్సులు కార్లు ఎక్కడివక్కడే. సందుల్లో పడి పోవాలంటే సైకిలే గతి. లిఫ్టు తలుపు తీసే ముక్కోణం చెవి, లిఫ్టు చక్రాన్ని చేత్తో తిప్పే పిడి, రెండూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళు చిరుగులోంచి బయటికొచ్చాయి. తాళంచెవి ఏ కాలవలో పడిందో దేవుడికే తెలియాలి.

ఆయన చెవి దగ్గర వంగేసరికి వీధి వీధంతా ఆకురాళ్ళు ఆగిపోయాయి. అందరూ అటు తిరిగారు.

జుట్టుకి రంగేసుకుంటానని చెవిలో చెప్పాడు. తాళం కదల్లేదు. ఆఫీసరు జోకులకి కడుపు మండిపోతూ నవ్వుతానన్నాడు. బావమరిది ఇల్లంతా వెతికిన కొత్త గొడుగు తన బీరువా వెనకే ఉందన్నాడు. గుంజి చూశాడు. గొలుసు గలగలమంది, అంతే.

"లోపల పెద్దది దాచుకున్నవాడి దగ్గర అది చిల్లర పుచ్చుకోదు సారూ," అన్నాడు వీపు తిప్పి కూర్చున్న తాళాల తాత.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి అక్క గొంతు చిన్నదైపోయింది. "లిఫ్టు కాస్త కిందికి జారినట్టుందిరా. ఏం కాదుగా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. చెవిలోకి తల దూర్చి, ఇనుముకి నుదురు ఆనించాడు. భయం కన్నా సిగ్గే ఎక్కువగా వేసింది.

"నాకు లిఫ్టులంటే భయం," అన్నాడు. "లిఫ్టు యంత్రముండే పై గదికి పోయే నిచ్చెన మీద కాలు పెడితే కళ్ళు తిరుగుతాయి. ఎక్కడం మానేసి రెండేళ్ళయింది. మా అక్కావాళ్ళ లిఫ్టు తాళ్ళు నేను చూడలేదు. కింద నిలబడే సంతకం పెట్టాను."

తాళం ఊడి కాళ్ళ మీద పడింది.

సందులు పట్టుకుని ఎలా తొక్కాడో ఆయనకే గుర్తు లేదు. ముక్కోణం చెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి అయిదో అంతస్తు తలుపు దగ్గర నిలబెట్టాడు. పిడి నడుముకి దోపుకుని మేడ మీదికెళ్ళాడు. గోడకి నిలువునా ఇనుప నిచ్చెన. రెండు మెట్లెక్కేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. కళ్ళు మూసుకుని ఎక్కాడు, మోకాళ్ళు గోడకి కొట్టుకున్నాయి. పై గదిలో కళ్ళు తెరిస్తే నాలుగు తాళ్ళలో ఒకటి తెగి వేలాడుతోంది, ఇంకొకటి పాత చీపురులా విచ్చుకుపోయింది. మిగిలిన రెండే మోస్తున్నాయి. పిడి తగిలించి, బ్రేకు వదులు చేసి, చక్రాన్ని బెత్తెడు బెత్తెడుగా తిప్పాడు. విచ్చుకున్న తాడులో పోగు తెగినప్పుడల్లా ఆగి, మళ్ళీ తిప్పాడు. కిందనించి 'ఇద్దరూ దిగారు' అని వాచ్‌మన్ కేక వినిపించేసరికి చేతులు పిడిని వదలనంటున్నాయి.

ఆయన కిందికొచ్చేసరికి అయిదో అంతస్తు వరండా జనంతో నిండిపోయింది. మాస్టారు మంచినీళ్ళు తాగుతున్నారు. అక్క జుట్టు సర్దుకుంటూ అందరికీ చెబుతోంది. "చెప్పానా లేదా. మా తమ్ముడు చూసిన లిఫ్టు ఇది. ఎవరి పాపానికి ఆగిందో గానీ, వాడు చూశాడు కాబట్టే ప్రాణాలతో ఉన్నాం."

జనం ఆయనకేసి గౌరవంగా చూశారు. నోరు మూసుకుంటే చాలు, ఉద్యోగం ఉంటుంది, పరువు ఉంటుంది, పైగా శాలువా కూడా కప్పేట్టున్నారు. కానీ ఒకసారి బయటికొచ్చిన మాట మళ్ళీ లోపలికి పోనంది.

"అక్కా, నేను చూడలేదు," అన్నాడు. "చూడకుండానే సంతకం పెట్టాను."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో రంగు మారిపోయింది. కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననిపించింది. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడింది. జనం గుసగుసలాడుకుంటూ ఒక్కొక్కరే జారుకున్నారు.

తమ్ముడికేసి తలెత్తి అడిగింది. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయిరా?"

ఆయన వేళ్ళు మడవడం మొదలెట్టాడు. పిల్లల ఆసుపత్రిది, లైబ్రరీది, రైల్వే క్వార్టర్సులవి గుర్తొచ్చాయి. లెక్క పెడుతున్న కొద్దీ ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఆవిడకి ఆ మొహం చాలు. పక్కన కాస్త చోటిచ్చి, "కూర్చో. ఒక్కో చోటికీ ఫోన్ చెయ్యి. నేనిక్కడే ఉంటా," అంది.

ఆయన అక్క పక్కన కూర్చుని ముందు పిల్లల ఆసుపత్రికి కలిపాడు. అవతల ఎవరో ఎత్తారు.

"లిఫ్టుల ఇన్‌స్పెక్టరుని మాట్లాడుతున్నా," అన్నాడు. "మీ లిఫ్టు ఇప్పుడే ఆపెయ్యండి. నేను దాన్ని చూడలేదు."