ఇంజన్ దించిన రోజు

ఇంజన్‌కూ దాని నెత్తిన ఉండే హెడ్డుకూ నడుమ వేసే గాస్కెట్ ఒక్కటే చూడాలంటే బండిలోంచి ఇంజన్ దించనక్కర్లేదు. బానెట్ ఎత్తి హెడ్డు విప్పితే ఉన్నచోటనే కనబడుతుంది. మీసాలు రాకముందు నుంచీ పానాలు పట్టిన ఆంథోనికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? అయినా ఆదినారాయణ తన పాత మారుతి కారును తాడు కట్టి షెడ్డులోకి లాక్కొచ్చిన పొద్దున ఆంథోని, "ముందుగాల ఇంజన్, గేరుబాక్స్ రెండూ దించుదాం. హెడ్డు సంగతి తర్వాత" అన్నాడు. పట్టేసిన ఇంజన్ కదా, కింద తిరిగే క్రాంకు ఇరుసు కూడా చూడాలి అన్నాడు. అది నిజమే. అసలు నిజం మాత్రం భయం. ఆ గాస్కెట్ వేసింది తనే. అది చెడిపోయి కనబడితే తన చేతుల వంక తను మళ్లీ ఎట్లా చూసుకోవాలో అతనికి తెలియదు.

కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోతుంటే అడవి మొదలయ్యే చోట రోడ్డు పక్కన ఉంటుంది ఆంథోని షెడ్డు. ఆదినారాయణ ఆ కారును లోపలి ఊళ్లకు కిరాయికి తిప్పేవాడు. పెద్ద బండ్లవాళ్లు "మేం రాం" అనే దారుల్లో కూడా ఆ మారుతి మేకపిల్లలా దూకుతూ పోయేది. పోయిన అక్టోబరులో, మరియమ్మ జపమాల చెప్పుకునే నెలలో, దాని హెడ్ గాస్కెట్ పోతే ఆంథోని కొత్తది వేసి పంపాడు. వారం తిరక్కముందే, ఆదినారాయణ అడవి లోపలి మద్దిగుంపులో, కొత్త పంట తినే కొత్తల పండుగ భోజనం చేసి వస్తుంటే, ఇంజన్ దారి మధ్యలో కీచుమని పట్టేసింది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. అంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి. గాస్కెట్ సరిగా కూర్చోకపోతేనే నీళ్లు కలుస్తాయి. గాస్కెట్ వేసింది ఆంథోని. ఇంకేం కావాలి? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు, ఇక్కడ చేతిలో పానా కూడా ఉందాయె.

ఆదినారాయణ మనిషి చెడ్డవాడు కాదు గాని నోటికి బ్రేకులు లేవు. ఆటోస్టాండులో, చాయ్ బండి దగ్గర, కల్లు దుకాణంలో, ఎక్కడ నలుగురు కూడితే అక్కడ "ఆంథోని చెయ్యి పడ్డదంటే ఇంజన్ పాడె ఎక్కినట్టే" అన్నాడు. అన్నదమ్ముల్లా తిరిగిన ఇద్దరూ ఆనాటి నుంచి ఎదురుపడితే మొహాలు తిప్పుకున్నారు. షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. ఆంథోని దానికి అంత బాధపడలేదు. అతన్ని తొలిచింది వేరే సంగతి. హెడ్డు బోల్టులు ఒక్కసారే బిగించెయ్యకూడదు. నడుమ నుంచి బయటికి, కొద్దికొద్దిగా, విడతలు విడతలుగా బిగించాలి. ఆ రోజు సగంలో ఉండగా జపమాలకు వేళయిందని భార్య సంపూర్ణ పిలిచింది. ప్రార్థన అయ్యాక వచ్చి పని ముగించాడు. ఆఖరు విడత బిగించాడా? బిగించాననుకుని బానెట్ మూసేశాడా? ఎంత తలుచుకున్నా గుర్తుకు రాదు.

చివరికి కదిలింది సంపూర్ణే. ఆదినారాయణ కారును తూకానికి అమ్మేస్తున్నాడని విని నేరుగా అతని ఇంటికి పోయింది. "ఇనుప సామాను కింద ఎయ్యబోయే ముందు ఒక్కసారి మా ఆయనను విప్పి చూడనియ్యి, ఆదీ. తప్పయితే తప్పని తెలుస్తది. ఈ మనిషి నిద్రల కూడా బోల్టులు బిగిస్తుండు, నేను చస్తున్న" అంది. ఆదినారాయణ కాదనలేకపోయాడు.

అట్లా మళ్లీ ఒకే బానెట్ మీదికి వంగారు ఇద్దరూ. మాటలు మాత్రం పనికి సరిపోయినన్నే. ముందు బ్యాటరీ తీశారు. బానెట్ ఊడదీసి గోడకు ఆనించారు. రేడియేటర్ కింద చిన్న డబ్బా పెట్టి నీళ్లు వదిలితే, డబ్బా నిండి ఇంకా కారాయి. ఆంథోని వంగి డబ్బాలోకి చూశాడు. నీళ్లు ఆయిల్లోకి పోయి ఉంటే ఇక్కడ ఇన్ని ఎందుకు మిగులుతాయి? కానీ ఆశపడితే దిష్టి తగులుతుందన్నట్టు వెంటనే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ బోల్టు తిప్పి ఆయిల్ వదిలాడు. పులిసిన వాసన గుప్పుమంది. ఇన్ని ఇంజన్ల ఆయిల్ చూశాడు గాని ఈ వాసన ఎరగడు.

పైపులు, వైర్లు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ ఒక్కొక్కటే వదిలించారు. కింద పడుకుని సైలెన్సర్ పైపు, గేరు రాడ్లు విప్పారు. రెండు వైపులా యాక్సిళ్లు గేరుబాక్సులోంచి బయటికి లాగారు. ఇక ఇంజన్ను పట్టుకుని ఉన్నవి మౌంటింగ్ బోల్టులే. దూలానికి వేలాడే చైన్ పుల్లీ కొక్కేన్ని ఇంజన్‌కు తగిలించి, ఆ బోల్టులు కూడా తీశాక ఆంథోని గొలుసు లాగడం మొదలుపెట్టాడు. ఇంజన్ లేచినట్టే లేచి, ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. ఇంకా లాగబోతుంటే అన్నం గిన్నె తెచ్చిన సంపూర్ణ గుమ్మంలోంచే అరిచింది.

"ఆగుండ్రి! ఆ ఎనక నల్ల వైరేందయ్యా, బొడ్డుతాడు లెక్క గుంజుతుంది?"

ఎర్త్ వైరు. ఇద్దరూ మరిచిపోయారు. ఆదినారాయణ చెయ్యి దూర్చి విప్పాడు. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, మళ్లీ వెంటనే గుర్తొచ్చి ఆపుకున్నారు. గొలుసు గలగలమంది. ఇంజనూ గేరుబాక్సూ ఒక్క ముద్దగా పైకి లేచాయి. కారును వెనక్కి తోసి, ముద్దను గోనెపట్టా మీదికి దించారు.

గేరుబాక్సును విడదీస్తుండగా మద్దిగుంపు జంపక్క వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచొచ్చింది, కొంగులో ఇప్పపువ్వు మూట కట్టుకుని. కారు పొట్ట విప్పుతున్నారని ఆదినారాయణ తమ ఊరివాళ్లతో అనగా విన్నదట. ఇంట్లో మనిషికి ఆపరేషన్ అయితే దవాఖానాకు పోయి కూర్చోమా, అట్లాగే వచ్చింది. రెండేళ్ల కిందట వాగు పొంగిన రోజున ఆమె కోడలు నొప్పులు పడుతుంటే, ఈ మారుతే వాగు నీళ్లు దాటి భద్రాచలం దవాఖానాకు చేర్చింది. తల్లీ బిడ్డా బతికారు. ఆనాటి నుంచి ఆ కారు ఆ ఇంటికి చుట్టం.

"మంచిగైతదా తమ్మీ?" అని అడిగింది ఆంథోనిని.

"చూస్తున్న అక్కా. కూసో."

ఆమె పాత టైరు మీద కూర్చుంది. ఆంథోనికి ఇక వాయిదా వెయ్యడానికి పని ఏదీ మిగల్లేదు. హెడ్డు బోల్టుకు పానా తగిలించాడు. లోపల మరియమ్మ తల్లిని తలుచుకున్నాడు. మొదటి బోల్టు గట్టిగా ఉంది. రెండోది గట్టిగా ఉంది. ఆఖరిదాకా ప్రతి బోల్టూ మొరాయించి, కిర్రుమని ఒకే తీరుగా వదిలింది. హెడ్డు ఎత్తి గాస్కెట్‌ను వెలుతురుకు పెట్టాడు. ఎక్కడా నీటి చార లేదు, కాలిన మచ్చ లేదు. అచ్చు అతను పెట్టినట్టే ఉంది.

ఆంథోనికి ఏడుపొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకుని, గాస్కెట్‌ను ఆదినారాయణ చేతిలో పెట్టాడు.

ఆదినారాయణ అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం చిన్నబోయింది, కానీ పంతం ఇంకా చావలేదు. "మరి నీళ్లెట్ల వచ్చినయ్ అన్నా? ఆకాశంల నుంచి ఊడిపడ్డయా?"

ప్రశ్న న్యాయమైనదే. ఆంథోని ఇంజన్ను పక్కకు ఒరిగించి కింది చాంబర్ విప్పాడు. ఆయిల్‌ను పైకి పీల్చే గొట్టం చివర చిన్న జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ నిండా ఏదో మెత్తటి ముద్ద. వేలితో గీకి అరచేతిలోకి తీసుకుని గుడ్డతో తుడిచాడు. గింజలు. ఉబ్బి, నల్లబడి, లోపల మాత్రం ఇంకా పసుపు రంగు చావని బియ్యపు గింజలు.

జల్లెడ మూసుకుపోతే ఆయిల్ పైకి ఎక్కదు. ఆయిల్ ఎక్కకపోతే ఇంజన్ పట్టేయక ఏం చేస్తుంది? అంతవరకు అర్థమైంది. ఇంజన్లోకి బియ్యం ఎట్లా వచ్చాయో మాత్రం అర్థం కాలేదు. ఎలుకలు పసుపు కలుపుకుని తింటాయా?

వెనక నుంచి జంపక్క మెల్లగా మాట్లాడింది.

"మీకో మాట చెప్పాలె. ఆ పండుగ నాడు మేం ఇంటోళ్లం ఎవ్వరం ముట్టకముందే, పోయిన మా పెద్దలకు, ఆదీకి పెట్టినంక, దీనికి కూడా పెట్టిన. ఆదీ కడుపునిండ తిని మంచం మీద ఒరిగిండు. బండికి గాలి తగలాల్నని మూత ఎత్తిపెట్టిండు గద. ఆయన నూనె పోసే నోరు నాకు తెల్సు, ఎన్నిసార్లు చూడలే? ఆ నోట్లనే సొరకాయ బుర్రెడు ఇప్పసారా పోసిన, పసుపు బియ్యం పెట్టిన. మా ఇంటి ప్రాణం కాపాడింది, దానికి పెట్టకుండ మేమెట్ల తింటం?" పొట్ట ఖాళీ అయిన కారు వంక చూసింది. "మా చేతి కూడు తిని పోయి దారిలనే పడిపాయె. అప్పటిసంది నా మనసు మనసుల లేదు. మా పెద్దలకు కోపమొచ్చిందా, మా కూడు దానికి పడలేదా? నువ్వు లోపల చూసినవ్ గద తమ్మీ. చెప్పు."

ఆయిల్లో కలిసింది నీళ్లు కాదు, సారా. ఆంథోని పిడికిలి దానంతట అదే మూసుకుంది.

ఆ పిడికిట్లో ఉన్నవి అతని పరువు, అతని నిద్ర. తెరిచి చూపిస్తే చాలు, ఆటోస్టాండు దాకా నోళ్లన్నీ మూతపడతాయి. నిజమే కదా చెప్పేది, అబద్ధం కాదు గదా! కానీ టైరు మీద కూర్చున్న ఆ మనిషి, చుట్టం చావుకు తన చేతి కూడే కారణమని విని, లేచి బస్సెక్కి మద్దిగుంపుకు పోవాలి. మళ్లీ పండుగ వస్తుంది, మళ్లీ గింజ పట్టుకున్నప్పుడల్లా ఈ మాటే గుర్తుకు రావాలి. తన చేతుల వంక తను చూసుకోలేకపోవడం ఎట్లా ఉంటుందో ఆంథోనికి ఒకరు చెప్పాలా? ఆరు నెలలు అనుభవించాడు. పిడికిలి ఇంకా బిగించాడు.

ఆదినారాయణ అతని పిడికిలి వంక చూశాడు. గింజలు గుడ్డలో తుడుస్తుండగానే చూశాడతను. గాస్కెట్‌ను గోనెపట్టా మీద మెల్లగా పెట్టి, జంపక్క ముందు గొంతుకూర్చున్నాడు.

"నీ కూడు కాదక్కా. ఆయిల్ అడుగంటింది, నేను చూసుకోలే. ఆయిల్ లేకుండ నడిపిన. తప్పు నాది. గీ అన్న తప్పు గూడ కాదు."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

జంపక్క గట్టిగా ఊపిరి వదిలింది. ఇప్పపువ్వు మూట విప్పి సంపూర్ణ చేతిలో పోసి, ఇంకేం అడగకుండా బస్సుకు పోయింది.

ఆయిల్ చూసుకోకుండా నడిపానని డ్రైవర్ చెప్పడమంటే పొయ్యి మీద అన్నం మరిచానని వంటమనిషి చెప్పినట్టే. ఆదినారాయణ ఆ మాట షెడ్డులో చెప్పి ఊరుకోలేదు. ఆ సాయంత్రమే ఆటోస్టాండుకు పోయి, ఎక్కడైతే ఆంథోనిని ఆడిపోసుకున్నాడో అక్కడే నిలబడి చెప్పాడు. వాళ్లు ఊరుకుంటారా? అతనికి "ఎండు డ్రైవర్" అని పేరు పెట్టారు. చాయ్ బండివాడు కప్పు ఇస్తూ "ఆయిల్ ఉందా, పొయ్యమంటవా?" అని అడిగేవాడు. ఆదినారాయణ నవ్వి తాగేవాడు. ఆ సంగతి విన్నప్పుడు ఆంథోనికి సంతోషమూ సిగ్గూ కలిసి వచ్చాయి. తన పేరు చెడగొట్టినప్పుడు ఆదినారాయణ నిజమనుకునే అన్నాడు, నిలబెట్టడానికి మాత్రం తెలిసి అబద్ధం ఆడాడు అనుకున్నాడు. గుండెలో ఉన్న పాత కోపం ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు.

వేరే పాత బండి నుంచి క్రాంకు తెచ్చి వేశారు. వానలు పడేనాటికి మారుతి మళ్లీ దగ్గుతూ దగ్గుతూ లేచింది.

కొత్తల పండుగకు ఆదినారాయణ ఈసారి ఆంథోనిని కూడా వెంటబెట్టుకుని మద్దిగుంపు పోయాడు. ఆంథోని ఊరికే పోలేదు. ఆయిల్ పోసే మూతకు గట్టి తీగె చుట్టి బిగించాడు. పెద్దలకు పెట్టడం అయ్యాక జంపక్క బుర్రా, పసుపు బియ్యం పట్టుకుని రాగానే తనే బానెట్ ఎత్తాడు. అద్దం కడిగే నీళ్ల డబ్బా మూత తీసి చూపించాడు.

"అక్కా, ఇగో ఇది దీని నోరు. నువ్వు పోయినసారి చూసింది ముక్కు."

జంపక్క తీగె చుట్టిన మూత వంక చూసింది. తెల్ల డబ్బా వంక చూసింది. ఆంథోని మొహం వంక మరికాసేపు చూసింది. బుర్ర వంచి ఇప్పసారా ఆ డబ్బాలో పోసింది, ఒక్క చుక్క కింద పడకుండా.

బియ్యం మాత్రం పెట్టలేదు. ఆంథోని కుడిచెయ్యి లాగి అరచేతిలో ఆ గింజలు పోసింది. అతని వేళ్లు ఒక్కొక్కటే మూసి, ఆ పిడికిలిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఇవి నువ్వు తిను తమ్మీ. దానికి అరగదు."