నాకూ నాలుగు కాళ్లే

లంకబడి కొట్టుకుపోయిన వరదకు మరుసటేడు జరిగిన సంగతి ఇది. నేను ఒక బల్లను. పొడుగాటి మామిడి పలక, నాలుగు తుమ్మకాళ్లు, అంతే. వీపు ఆనించుకోవడానికి ఏమీ లేదు. నాకు మాట తక్కువ. ఇది మాత్రం చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను.

బడిలో మూడేళ్లున్నాను. నాకున్న చదువు అదే. పిల్లలు నా మీద కూర్చుని గంట ఎప్పుడు కొడతారా అని ఎదురుచూసేవారు. మేస్టారు బయటికి వెళితే మాత్రం అటో కాలు ఇటో కాలు వేసి గుర్రమని ఎక్కేవారు. ఆ కాసేపే నాకు బాగుండేది. వరదకు బడిగోడలు కూలాయి. నేను తేలుకుంటూ పోయి గట్టు పక్కన తుమ్మపొదలో చిక్కుకున్నాను. నీళ్లు తీశాక డేరా సినిమావాళ్లు మోసుకెళ్లి, బురద కడిగి, బెంచీ తరగతిలో వేసుకున్నారు.

డేరా రేవు పక్క ఇసకలో ఉండేది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య తడిక కట్టారు. నేను పొడుగెక్కువ కావడంతో తడిక నా నడుం మీంచి పోయింది. సగం వాళ్లకి, సగం వీళ్లకి. ఇసకలో నా కాళ్లు ఏనాడూ సమంగా ఆనలేదు. ఇటు కదిలితే అటు తెలిసేది.

అప్పుడు ఆడుతున్న బొమ్మలో ఒక ముసుగువీరుడున్నాడు. పగలు ఏనుగులకు మేత వేసే వెర్రిబాగులవాడు. చీకటి పడితే మొహానికి నల్లగుడ్డ కట్టి, కత్తి దూసి, కోటగోడ దూకేవాడు. దీపాల గొలుసు పట్టుకుని ఊగి మెట్ల మీద వాలేవాడు. భటులతో యుద్ధం చేస్తూ మధ్యలో బల్ల మీది దానిమ్మపండు తీసి కొరికేవాడు. ఆ బల్లను కూడా ఎవరూ చూడలేదు. ఆఖర్న కిటికీలోంచి దూకితే కింద గుర్రం సిద్ధంగా ఉండేది. అప్పుడు డేరా అంతా ఈలలు.

నాకూ నాలుగు కాళ్లే. ఆ గుర్రం మోసింది ఒక్కణ్ణి. నేను ఆరుగురిని మోసేదాన్ని, చంకలో పిల్లలు కాక. కత్తియుద్ధం రాగానే నా మీద కూర్చున్నవాళ్లు నా మీదే లేచి నిలబడి వాణ్ణి చూసేవారు. ఇప్పుడు కట్టెల అడితిలో ఓ మూల పడి ఉన్నాను. ఆ గుర్రాన్ని తలుచుకుంటే ఇంకా మండుతుంది.

వాడిలో ఏముందా అని ఆలోచించాను. గుడ్డ తీస్తే మామూలు మొహమే. గుడ్డ కట్టాక మాత్రం, పగలంతా ఎవరిచేతో మాటలు పడివచ్చిన ప్రతివాడూ దాని వెనక తన మొహం పెట్టుకునేవాడు. ఆడవాళ్లు ఎవరి మొహం పెట్టుకునేవారో నాకు తెలియదు.

అదే పల్లాలుకీ తెలియలేదు. పల్లాలు రేవులో పడవ నడిపేవాడు. అతని భార్య గంటాలమ్మ రోజూ మొదటాటకు వచ్చి, తడిక పక్కన నా ఆడకొసన కూర్చునేది. ఒకరోజు గేటు దగ్గర పల్లాలు అడ్డం వచ్చాడు.

“రోజూ అదే బొమ్మేంటే? నిన్నటికీ ఇయ్యాల్టికీ ఆడేవన్నా మారాడా?”

“రోజూ అదే ఏరు దాటతన్నావు. నేనేవన్నా అడిగానా?”

గేటు కాసే సూరన్న నవ్వాడు. “నువ్వూ ఓ గుడ్డ కట్టుకోరా పల్లాలూ. ఇంటికాడే కూకుంటాది.”

“మూతికి గుడ్డ కట్టుకుని గెంతేవోణ్ణి సూత్తాకి నేను రాను” అని పల్లాలు నలుగురిలో అనేశాడు.

అన్నాక అదే మొహంతో లోపలికి ఎలా వస్తాడు? మర్నాడు ముక్కుకీ మూతికీ తువ్వాలు బిగించి, దగ్గుతూ వచ్చి, తడిక ఇవతల నా మీదే కూర్చున్నాడు. బొమ్మ చూడలేదు. తడిక సందులోంచి పెళ్లాన్ని చూశాడు. ఆమె నోరు కొంచెం తెరుచుకుని, కళ్లార్పకుండా తెరకేసి చూస్తోంది. అలా ఆమె తనను ఎప్పుడూ చూడలేదని అతనికి తెలిసింది కాబోలు, కాలు ఊపడం మొదలుపెట్టాడు. జనం కోసం పడవలో కాసుక్కూర్చున్నా ఆ కుడికాలు అలాగే ఊపుతాడు. అతను ఊపితే నేను ఊగాను. నేను ఊగితే అవతల గంటాలమ్మ ఊగింది.

ఆమె తెర మీంచి చూపు తీసి కిందికి, నాకేసి చూసింది. చేత్తో పలకను తడిమింది. చిన్నగా నవ్వింది. ఇన్నాళ్లకు ఒకరు నన్ను చూశారనుకున్నాను.

ఆ తర్వాత అతనూ రోజూ వచ్చాడు.

ఆఖరాట రోజు వచ్చింది. మర్నాడు డేరా ఎత్తి అవతలొడ్డున వేస్తారు. గేటు దగ్గర, ఆమె వింటుండగానే, పల్లాలు సూరన్నతో అన్నాడు. “రేపు మీ బెంచీలతో పాటు దీన్నీ ఎక్కించుకెళ్లి ఆళ్లమ్మ గారింటికాడ దింపేత్తాను. ఆ ముసుగోడూ ఆ ఊరే పోతన్నాడు గదా. రోజూ సూసుకోమను.”

“సరే, మూట కట్టుకుంటాను” అంది గంటాలమ్మ. లోపలికి వచ్చి కూర్చుంది. కాసేపటికి తువ్వాలు బిగించుకుని అతనూ వచ్చాడు.

బొమ్మలో రాకుమారి ముసుగువాణ్ణి “ఎవరు నీవు?” అని అడిగేచోట ఫిల్ము చుట్ట అయిపోయింది. ఇంకో చుట్ట ఎక్కించేదాకా దీపం వేశారు. గంటాలమ్మ పక్కన మరిడమ్మ కూర్చుంది, వాళ్ల వీధిలో మనిషే.

“సిన్నప్పట్నించీ ఎరిగినోడే గదే” అంది మరిడమ్మ. “జానెడు గుడ్డ కట్టుకుంటే పోల్చుకోలేదా ఈ రాణీగారు?”

“ఎందుకు పోల్చుకోదూ? మొదటి రోజే పోల్చింది” అంది గంటాలమ్మ, కాస్త గట్టిగానే.

“మరి ఎవరని అడుగుద్దేం?”

“పోల్చానంటే రేపట్నించి రాడు గదే.”

“ఏం సూసి పోల్చిందంటావ్?”

“ఆ కాలూపుడు సూసి.”

“ఆడెప్పుడు కాలూపాడే?” అంది మరిడమ్మ.

తడిక ఇవతల కాలు ఆగిపోయింది. నా మీద చేరినప్పట్నించీ అతను అంత కదలకుండా కూర్చోవడం నేను ఎరగను. అప్పుడు తెలిసింది, ఆవేళ గంటాలమ్మ తడిమింది నన్ను కాదని.

పొద్దున్నే తెర చుట్టేశారు. ముసుగువీరుడు గుర్రంతో సహా రేకుపెట్టెలో పడుకున్నాడు. నన్ను పడవలో వేశారు. గంటాలమ్మ మూటతో వచ్చి నా మీదే కూర్చుంది. పల్లాలు వచ్చాడు. పట్టపగలు, ముక్కుకీ మూతికీ తువ్వాలు బిగించి.

“పన్నునొప్పేంట్రా?” అన్నాడు సూరన్న. పల్లాలు గెడ అందుకుని పడవ తోశాడు.

ఏటి నడుమకు వచ్చాక గంటాలమ్మ అడిగింది. “ఎవరయ్యా నువ్వు?”

అతను వంగి గెడ వేశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమె కూర్చున్నది నా మీద. అవతలొడ్డు దాకా కళ్లార్పకుండా చూసింది అతణ్ణి.

నన్ను దించుతాం లెమ్మంటే లేచి, మూట తీసుకుని పడవ అంచున కూర్చుంది. నన్ను ఇసకలో పడేశారు. పల్లాలు ఆమెను దిగమనలేదు. తువ్వాలు విప్పలేదు. గెడ ఒడ్డుకు ఆనించి, పడవను వెనక్కి తిప్పాడు.