బుల్లబ్బాయి పేరు లేని సన్మానం

సన్మానాలంటే నాకు మొదట్నించీ ఒళ్ళుమంట. అందులోనూ పద్మారావు నగర్‌లో మా తమ్ముడికి చేసిన సన్మానం తల్చుకుంటే ఇప్పటికీ నోట్లోంచి తిట్లే వస్తాయి.

మా తమ్ముడు దేవానందం కాకినాడ దగ్గర మడ అడవుల్లో ఫారెస్టు గార్డు. నీటికుక్కల్నీ బావురుపిల్లుల్నీ కాపలా కాయడం వాడి ఉద్యోగం. తొంభై ఆరు తుపానుకి లంక ఊళ్ళు మునిగిపోతే, అడవిలో తిరగడానికిచ్చిన పడవ వేసుకుపోయి, చెట్లు పట్టుకు వేలాడుతున్న మనుషుల్ని దింపుకొచ్చాడు. పడవ నడిపింది బుల్లబ్బాయి. రోజు కూలికి వచ్చే మనిషి. ఆఖరిసారి పడవ సుడిలో పడితే నీళ్ళలోకి దూకి, తాడు మడచెట్టుకి చుట్టి, పట్టుకు నిలబడ్డాడట. పడవలో వాళ్ళందరూ ఒడ్డెక్కారు. ఆ తరవాత చెట్టు కూలింది, దాంతోపాటు అతనూ పోయాడు.

సికింద్రాబాదులో స్థిరపడ్డ కోస్తావాళ్ళ మిత్రమండలి ఒకటుంది. దాని ప్రెసిడెంటు రామభద్రరావు, కాంట్రాక్టరు. తుపాను వెళ్ళిన మూడు నెలలకి లాలాగూడలో మా ఇంటికొచ్చి, అటవీశాఖ వీరులకి సన్మానం చేస్తున్నాం, మీ తమ్ముడు రావాలన్నాడు. వాడు ఫోన్లో ఒక్కటే షరతు పెట్టాడు. స్టేజీ మీద బుల్లబ్బాయి పేరు చెప్పాలి, అతని భార్య అక్కడ కూర్చుని వినాలి.

"అదెంత భాగ్యం మేబెల్ గారూ, తప్పకుండా" అన్నాడు రామభద్రరావు, నా చేతి కాఫీ తాగుతూ.

ఆ మాట నమ్మి బుల్లబ్బాయి భార్య కాంతమణి మా తమ్ముడితో రైలెక్కి వచ్చింది. గోదావరి ఇవతలికి ఎప్పుడూ రాని మనిషి. నుదురు బోసిగా, ఉతికిన తెల్లచీర మడత నలక్కుండా కట్టుకుని మా వంటింటి గుమ్మంలో కూర్చుంది. "మైకులో సెబుతారు కదండీ అక్కయ్యగారూ? అందరికీ ఇనబడద్ది కదా?" అని పొద్దున్నించీ అదే అడగడం.

మా తమ్ముడికో జబ్బుంది. ప్రార్థన మొదలెడితే ఆపడు. పాస్టరుగారే దగ్గు నటించి ఆపాలి. ఆ పొద్దున ఉప్మా ముందు కళ్ళు మూసుకుని లంక ఊళ్ళన్నీ చుట్టాడు, బుల్లబ్బాయి దగ్గరికొచ్చి అతని తాడు దగ్గర నిలబడిపోయాడు. ఉప్మా గడ్డకట్టింది. "దేవుడికి చెవుడు లేదురా, ఒక్కసారి చెప్తే చాలు" అని కసిరాను. కాంతమణి మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా వింది.

హాలు నిండా బంతిపూలు. బ్యానరు మీద రామభద్రరావు బొమ్మ గుమ్మడికాయంత. స్టేజీ మీద మొదటి కుర్చీల్లో హైదరాబాదు నించి వచ్చిన ఆఫీసర్లు. తుపాను రోజు వాళ్ళు చూసిన నీళ్ళు టీవీలో నీళ్ళే. మావాడి కుర్చీ చివర్న, స్తంభం పక్కన.

మెట్ల దగ్గర రామభద్రరావుని పట్టుకుని బుల్లబ్బాయి సంగతి గుర్తుచేశాను. మొహం చిట్లించాడు.

"శుభమా అని సన్మానం చేసుకుంటుంటే పోయినవాళ్ళ పేరెందుకండీ? పెద్దవాళ్ళొచ్చారు. కావలిస్తే సంతాపసభ వేరే పెడదాం."

"మా ఇంట్లో కాఫీ తాగి ఏమన్నారు?"

"అబ్బ, మీరూరుకోండమ్మా" అని మైకు వైపు నడిచాడు. కాఫీతోపాటు మాట కూడా మింగేశాడు, సిగ్గులేని మనిషి.

ఈలోగా ఇంకో ఘోరం. ఈ మండలివాళ్ళకి జంటగా కూర్చోబెట్టి సత్కరించడం ఆనవాయితీ. మా మరదలు ఎలీసబెతు టీచరు, బడిలో సెలవు దొరక్క రాలేదు. రామభద్రరావు భార్య శేషారత్నం, మావాడితో వచ్చిన ఆడమనిషిని చూసింది, బోసి నుదురు చూసింది. క్రిస్టియన్ల ఇల్లాలు కాబట్టి బొట్టు పెట్టుకోలేదని తీర్మానించుకుంది. చెయ్యి పట్టుకుని బరబరా స్టేజీ మీదికి లాక్కెళ్ళి మావాడి పక్కన కూలేసింది. "ఈ ఒక్కరోజుకీ మా పద్ధతి ప్రకారం పెట్టించుకోమ్మా, మీ దేవుడేమనడులే" అని నవ్వుతూ నుదుటిన ఇంత కుంకం అద్దేసింది. ఒళ్ళో తాంబూలం పెట్టింది. కెమెరా మెరిసింది. మావాడు "అమ్మా, అమ్మా" అంటూ లేచేసరికే అంతా అయిపోయింది.

కాంతమణి ఒళ్ళో తాంబూలం వంక చూసుకుంది. తరవాత నెమ్మదిగా, ముందు వరసలో ఉన్న నాకు వినబడేంత నెమ్మదిగా అంది. "నేను గార్డుబాబు భార్యని కాదండి. బుల్లబ్బాయి భార్యనండి. పడవలో పోయాడు కదండి, ఆరి భార్యని."

శేషారత్నం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ తరవాత ఏం చేసిందనుకున్నారు? క్షమించమని ఒక్క మాట లేదు. తన చేతిరుమాలు తీసి, అందరూ చూస్తుండగా, ఆ పిల్ల నుదుటి మీద కుంకం తుడిచేసింది. పూర్తిగా పోలేదని ఇంకోసారి రుద్దింది. ఒళ్ళో తాంబూలం తీసుకుని తన పళ్ళెంలో పెట్టుకుంది. కిందకి దిగమని వేలితో చూపించింది.

నేను రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. పుళ్ళు కడిగాను, పురుగులు ఏరాను, ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ రోజు ఆ రుమాలు చూస్తే వాంతి వచ్చినంత పనైంది. ఆడదై ఉండి ఎలా చేయాడిందో నాకిప్పటికీ అర్థం కాదు. కాంతమణి దిగొచ్చి నా పక్కన కూర్చుంది. నుదురు కందిపోయి ఉంది.

ఇదంతా ఏమీ జరగనట్టే శాలువాలు షురూ అయ్యాయి. మావాడి వంతు వచ్చేసరికి "పిల్లుల్ని కాసే మనిషి మనుషుల్ని కాచాడు" అని రామభద్రరావు జోకేశాడు, ఆఫీసర్లు నవ్వారు. శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమని మైకిచ్చాడు. చెవిలో ఏదో హెచ్చరిక కూడా చేశాడు.

మావాడు మైకు పట్టుకుని కింద కూర్చున్న కాంతమణి వైపు తిరిగాడు. "నాకు మాట్లాడ్డం రాదండీ. ప్రార్థన చేసుకుందాం. అందరూ దయచేసి లేచి నిలబడండి" అన్నాడు.

ప్రార్థన అంటే ఎవరు కాదంటారు? ఆఫీసర్లు లేచారు, హాలంతా లేచింది. రామభద్రరావు కూడా చేతులు కట్టుకున్నాడు. మావాడు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. "ప్రభువా, నీ బిడ్డ బుల్లబ్బాయి కోసం." పేరు, తండ్రి పేరు, ఊరు. పడవ ఎలా నడిపాడో, ఎవరెవర్ని భుజాన మోశాడో, తాడు ఏ చెట్టుకి చుట్టాడో. దేవుడికి తెలీనట్టు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. పేరు మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

రామభద్రరావు ఒక కన్ను తెరిచి మైకువాడికి కట్టెయ్యమని సైగ చేశాడు. ఆ మైకువాడి పేరు పర్వతాలు, చిలకలగూడ మనిషి. "ప్రార్థన నడుస్తుంది సార్. నడుమల బంద్ జేస్తే పాపం తగుల్తది. నాతోటి గాదు" అన్నాడు, జోడించిన చేతులు దించకుండానే.

నేను కళ్ళు మూసుకోలేదు. కాంతమణీ మూసుకోలేదు. వంగిన తలలన్నిటినీ వరసగా చూసింది. చివర్న అందరూ ఆమేన్ అన్నారు. శేషారత్నం కూడా అంది. ఆ నోటి ఆమేన్ నాకు చేదుగానే ఉంది.

భోజనాలకి ఉండమన్నారు. వాళ్ళ అన్నం నాకు సయించదని ఆటో పిలిచి ఇంటికి తీసుకొచ్చేశాను. చారూ అన్నం వడ్డించాను. మావాడు అలిసిపోయినట్టున్నాడు, "ప్రభువా, స్తోత్రం, ఆమేన్" అని ముద్ద కలిపాడు. నా జన్మలో వాడు అంత చిన్న ప్రార్థన చెయ్యగా వినలేదు.

కాంతమణి కంచంలో చెయ్యి పెట్టలేదు.

"అంతేనా బాబూ? మాయన పేరు సెప్పలేదు" అంది.

వాడు చెయ్యి కడుక్కుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అన్నం చల్లారిపోయింది. ఈసారి నేనూ కళ్ళు మూసుకున్నాను.