నర్సన్న మోట

సగం కాల్చిన చుట్టను నర్సన్న నేలకు రుద్ది ఆర్పి, నీళ్ళ తొట్టి రాతిలో ఉన్న పగులులో దోపాడు. మిగతా సగం మధ్యాహ్నానికి. ఒక్క పూటలో పూర్తి చుట్ట తాగడం దొరల లక్షణమని ఆయన అభిప్రాయం. తర్వాత ఎద్దుల మెడ మీద కాడి వేసి, తోలు బొక్కెనను బావిలోకి వదిలి, మోకు మీద తొడ ఆనించి కూర్చున్నాడు. ఎద్దులు ఏటవాలు బాట మీద కిందికి దిగుతుంటే గిరక కీచుమంది. బాట చివర ఆయన దగ్గి, "హో" అన్నాడు. ఎద్దులు ఆగాయి. బొక్కెన తొండంలోంచి నీళ్ళు దబ్బున తొట్టిలో పడ్డాయి.

పొట్టి మనిషి. పిక్కలు ఎండి కట్టెల్లా ఉంటాయి. మోకు ఒరుసుకుని ఒరుసుకుని కుడి తొడ మీది చర్మం బొక్కెన తోలు రంగుకు తిరిగింది. ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలు. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్క కూతురు జోగిపేట వైపు ఎక్కడో కాపురం చేసుకుంటోంది. చెప్పుకోవడానికి ఆయన బతుకులో ఇంకేమీ లేదు. నిజాం ఉన్నప్పుడు మోట కొట్టాడు, పోలీసు యాక్షన్ నాడు మోట కొట్టాడు, ఓట్లు వచ్చిన నాడు కూడా మోట కొట్టి ఎద్దులను విప్పాకే పోయి ఓటు వేశాడు.

లక్డారం దాటాక బాట పక్కనున్న ఆ జామతోటను ఊళ్ళో అందరూ గుడ్డోళ్ళ తోట అంటారు. తోట హమీదున్నీసా బేగంది. ఆమె తమ్ముడికి చిన్నప్పుడు అమ్మవారు పోసి చూపు పోయింది. అతను ఇంట్లో ఒక మూల కూర్చుని, కూర్చునే పెద్దవాడై, కూర్చునే చనిపోయాడు. ఆ మూలను బేగం మర్చిపోలేదు. చూపులేని మగవాళ్ళను తెచ్చుకుని, తిండి పెట్టి, కలుపు తీయడం, తాడు పేనడం, బర్రె పాలు పిండడం నేర్పించి ఇళ్ళకు పంపుతుంది. నేర్పేది నర్సన్నే. గుడ్డెద్దు చేలో పడ్డట్టేనని లక్డారంలో నవ్వుకునేవాళ్ళు.

"ఎద్దులకు కండ్లున్నయి గద. మనిషికి గూడ ఎందుకురా?" అనేవాడు నర్సన్న.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో సాదుల్లా ఒక్కడే మోట నేర్చుకుంటానన్నాడు. పాతికేళ్ళు దాటిన మనిషి. కనురెప్పలు గుంటల్లోకి పోయి, ముఖమంతా స్ఫోటకం మచ్చలు. నర్సన్న అతని చెయ్యి పట్టుకుని బాట పొడుగునా నడిపించాడు. బాట చివర ఒక బండరాయి పాతి, కాలికి అది తగలగానే ఎద్దులను ఆపమన్నాడు. తనకు వచ్చిన ఒకే ఒక్క మోటపాట, అందులో తను మర్చిపోయిన చరణం దగ్గర పాడే కూనిరాగంతో సహా నేర్పాడు. సాదుల్లా మోకు మీద కూర్చుని పాడుతుంటే, నర్సన్న బాట చివర జామచెట్టు కింద కూర్చుని వినేవాడు. ఎద్దులు బండ దగ్గరికి రాగానే పాత అలవాటు కొద్దీ "హో" అనబోయేవాడు. ముందు దగ్గు వచ్చేది. ఆ లోపల సాదుల్లా "హో" అనేవాడు. ఎద్దులు ఆగేవి.

ఈ రోజు సాదుల్లా అన్న తాజ్ మొహమ్మద్ వస్తున్నాడు. ఇస్నాపూర్‌లో దర్జీ. తమ్ముణ్ణి తీసుకుపోయి దర్గా మెట్ల మీద కూర్చోబెడతానని కబురు పంపాడు. ఒక్కడే మోట కొట్టగలిగితే సాదుల్లాను మోట మనిషిగా తోటలోనే ఉంచుకుంటానని బేగం అంది. మోటకు ఇద్దరు మనుషులు అక్కర్లేదు. నర్సన్నకు తిండికి లోటుండదని, గుడిసెలో ఉండవచ్చని కూడా అంది. నర్సన్న తల ఊపాడు. పని లేకుండా గుడిసెలో కూర్చుని ఏం చేస్తారో ఆయనకు తెలియదు. అడగనూ లేదు.

"నర్సన్నా, అన్న ముంగట ఆగమైతనేమో," అన్నాడు సాదుల్లా మోకు తడుముతూ.

"ఏమైతవు? ఎద్దులు నా మాట దాటవు. నా మాట నీకిచ్చిన. ఇగ ఏంది పరేషాన్?"

తాజ్ మొహమ్మద్ గొడుగు వేసుకుని వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. చిన్న ఇల్లు, ఇంటి నిండా పిల్లలు. బేగం ముందు నిలబడి మర్యాదగా సలాం చేశాడు. మోట ఒక్కసారి తిరగడం చూసి, జామచెట్టు కిందికి తేరిపార చూశాడు.

"అమ్మా, గా ముసలాయన గాడ కూసుంటె ఎద్దులు ఆయన్ను సూసి ఆగుతున్నయి. జెర దూరం పంపుండ్రి."

అన్యాయమైన మాట కాదు. బేగం నర్సన్నను తోట అవతలి కంచె దగ్గరికి పొమ్మంది. ఆయన కండువా దులుపుకుని పోయాడు.

సాదుల్లా మోకు మీద కూర్చున్నాడు, పాడాడు. ఎద్దులు దిగాయి. కాలికి బండ తగలగానే "హో!" అన్నాడు. ఎద్దులు ఆగలేదు. బొక్కెన పైకి పోయి గిరకకు ఢీకొంది, నీళ్ళన్నీ తొట్టి అవతల చిమ్మాయి. సాదుల్లా దూకి ముకుతాళ్ళు పట్టుకుని గుంజాడు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాడు. ఎద్దులు ఇంకా ముందుకు పోయాయి.

"చాలు. మూట సదురుకో, పోదాం," అన్నాడు తాజ్ మొహమ్మద్. ఆ గొంతులో కోపం లేదు.

"ఒక్క మారు, భాయ్. ఒక్కటే మారు."

మూడోసారి ఎద్దులు సగం బాట దిగాయి. అప్పుడు కంచె దగ్గర నర్సన్నకు దగ్గు వచ్చింది. మామూలుగా వచ్చే దగ్గే. ఎద్దులు నడి బాటలో నిలబడిపోయాయి. నిండు బొక్కెన బావి మధ్యలో వేలాడింది. వద్దనుకుంటూనే తాజ్ మొహమ్మద్ నవ్వాడు. బేగం ముఖం దించుకుంది.

సాదుల్లా మాత్రం చెవి రిక్కించి, మోకు మీద అలాగే కూర్చున్నాడు. కాసేపటికి మచ్చల ముఖమంతా నవ్వు పరుచుకుంది. ఎద్దులను అదిలించాడు. అవి కదిలాయి. కాలికి బండ తగిలింది. ఈసారి "హో" అనలేదు. గొంతులోకి గాలి గుంజుకుని, ఛాతీ అడుగు నుంచి, చివర సన్నటి కూతతో సహా నర్సన్న దగ్గు దగ్గాడు.

ఎద్దులు ఆగాయి. నీళ్ళు దబ్బున తొట్టిలో పడ్డాయి.

"ఎవడ్రా నన్ను ఎక్కిరిచ్చేది?" అంటూ కంచె దగ్గర నుంచి నర్సన్న కర్ర ఎత్తుకుని వచ్చాడు. మళ్ళీ దగ్గు, మళ్ళీ ఎద్దులు ఆగడం కళ్ళారా చూసి, ఎత్తిన కర్ర దించాడు. ఇన్నేళ్ళూ అవి తన మాట విన్నాయనుకున్నాడు. విన్నది తన రోగాన్ని. ఆయన మనసు నొచ్చుకుంది. నల్లెద్దు దగ్గరికి పోయి దాని మొహంలోకి చూసి, "బేకూఫ్ నా కొడకా, ఒక్కనాడన్న నా మాట ఇన్నవా?" అన్నాడు. ఎద్దు చెవి ఆడించింది.

తాజ్ మొహమ్మద్ చాలాసేపు చూశాడు. ఎన్ని బొక్కెనలు వచ్చినా ఒక్క చుక్క పక్కకు పోలేదు. వెళ్ళేముందు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "ఉండు ఇగ. పండగకన్న ఇంటికి రా," అని గొడుగు విప్పుకున్నాడు. సాదుల్లా ఆ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం వంటమనిషి మొగులమ్మ జొన్న గట్క తెచ్చి పెట్టింది. నర్సన్న రెండు ముద్దలు తిని, తొట్టి దగ్గరికి పోయాడు. పగులులోంచి చుట్ట తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. వంకాయ మళ్ళకు తడి ఇంకా అందలేదు, మోట సాయంత్రం దాకా నడవాలి. చుట్ట తాగితే దగ్గు వస్తుంది. దగ్గితే ఎద్దులు నడి బాటలో ఆగుతాయి. చుట్టను మళ్ళీ పగులులోనే దోపి, జామచెట్టు మొదలుకు ఆనుకుని కూర్చున్నాడు.

"సాదుల్లా! గంతగనం దగ్గకు. జెర మెల్లగ దగ్గినా ఆగుతయి. పాణం పాడయితది."

"నీ దగ్గే గట్లున్నది, నర్సన్నా. నేనేం జేయాలె?"

నర్సన్నకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు దగ్గు పొంగుకొచ్చింది. గబుక్కున కండువా నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎద్దులు ఆగకుండా పోయాయి. ఆ తర్వాత కూడా చాలాసార్లు అలాగే కండువాను రెండు చేతులతో నోటికి అదుముకున్నాడు. బండ దగ్గర సాదుల్లా దగ్గుతున్నాడు, నీళ్ళు పడుతున్నాయి. పాటలో మర్చిపోయిన చరణం దగ్గర తన కూనిరాగమే వినిపిస్తోంది. కూర్చుని ఇంకొకరి పని చూడడం అంత చెడ్డ సంగతేమీ కాదని నర్సన్నకు అనిపించింది. కళ్ళు మూతలు పడ్డాయి.

సాదుల్లా మోట కొడుతూనే ఉన్నాడు. జామచెట్టు వైపు నుంచి దగ్గు వినబడలేదు. ముసలాయన తన కోసమే బిగపట్టుకున్నాడని అతనికి తెలుసు. మనసులో సంతోషపడ్డాడు. పొద్దు వాలుతుంటే మొగులమ్మ ఎద్దులకు చొప్ప తెచ్చింది.

"నర్సన్నా, లే. సల్లగాలి తగులుతున్నది," అంది. దగ్గరికి పోయి భుజం కదిపింది. నోటికి అదిమిన కండువా మీంచి చేతులు జారి ఒళ్ళో పడ్డాయి. చల్లబడ్డ ఆ చేతులను ఆమె ఒళ్ళో సర్ది లేచింది.

"సాదుల్లా, మోట ఆపు."

"ఇదే ఆఖరు బొక్కెన, అక్కా. వంకాయ మడి తడిసింది."

"ఆపు, బిడ్డా."

ఆ గొంతు విని సాదుల్లాకు అర్థమైంది. ఎద్దులు దిగుతున్నాయి. కాలికి బండ తగిలింది. దగ్గాలి. దగ్గు రాలేదు. బొక్కెన పోయి గిరకకు కొట్టుకున్నాక ఎద్దులు వాటంతట అవే నిలబడ్డాయి.

మర్నాడు, ఊరివాళ్ళు వచ్చి చెయ్యవలసినవన్నీ చేసి వెళ్ళాక, వంకాయ మళ్ళు మళ్ళీ నీళ్ళడిగాయి. సాదుల్లా ఎద్దులను కట్టాడు. ముఖం కడుక్కోవడానికి తొట్టి అంచు మీద చెయ్యి ఆనిస్తే, రాతి పగులులో వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. పట్టి చూసి, తీయకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు సాదుల్లా దగ్గిన ప్రతిసారీ ఎద్దులు ఆగాయి. బొక్కెన బొక్కెనకూ నీళ్ళు చింది తొట్టి అంచులన్నీ తడిశాయి గాని, పగులులోని సగం చుట్ట మాత్రం తడవలేదు.